పద్దు పుస్తకం వెనక పేజీలు

మే నెలలో మా పడకగదిలో ఐదుగురం పడుకుంటాం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ పెద్దాడు, నాలుగేళ్ళ చిన్నది, ఎండాకాలం తెనాలి నుంచి వచ్చే మా అత్తయ్య. ఇంకో గది లేక కాదు, ఏసీ ఉన్నది అందులోనే. పదడుగులకి పన్నెండడుగులు. నిజాంపేటలో ఐదంతస్తుల అపార్టుమెంటులో చివరి అంతస్తు. కొనేటప్పుడు చదరపు అడుగుకి వంద రూపాయలు తగ్గిస్తే మురిసిపోయాం. ఆ వంద ఎందుకు తగ్గించాడో మొదటి ఎండాకాలమే చెప్పింది.

నేనొక ప్రైవేటు స్కూల్లో అకౌంట్లు రాస్తాను. ఇంట్లో కూడా పద్దు పుస్తకం ఉంది, పాలవాడి లెక్కతో సహా. అలాంటిదాన్ని, నిద్ర విషయంలో మాత్రం షోరూంలో అడ్డంగా దొరికిపోయాను.

2023 ఏప్రిల్ అది. సరిగ్గా ఆ నెలలోనే తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. డాబాల మీద ఎండని తిప్పికొట్టే తెల్లపూత వేసి ఇళ్ళని చల్లబరచాలని. పేపర్లో చదివాను, మడిచి పక్కన పడేశాను, ఆ ఆదివారమే కుటుంబసమేతంగా మంచాల షోరూంకి వెళ్ళాం. అక్కడ అలంకరించి పెట్టిన మంచం మీద బొచ్చు దుప్పటి, పసుపు వెలుగు దీపం. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ. హాయైన పడకగది అనగానే వెచ్చదనమే గుర్తొచ్చే చలిదేశాల వాళ్ళ బొమ్మ అది. మనకి హాయి అంటే ఉక్క లేకపోవడం. కానీ ఆ ఏసీ షోరూంలో నిలబడ్డప్పుడు ఆ తేడా ఎవరికి తడుతుంది?

హైడ్రాలిక్ మంచం 31,000, మెమరీ ఫోమ్ పరుపు 36,000. మొత్తం 67,000. పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకి 5,583. "వడ్డీ లేదు మేడం" అన్నాడు కుర్రాడు. వడ్డీ ఉంది. దాన్ని ధరలోంచి ముందే తగ్గించినట్టు చూపించి, బ్యాంకు చేత మళ్ళీ వడ్డీగా వేయిస్తారు. సుమారు 5,146 వచ్చింది. దాని మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మన నెత్తిన, అది 926. ప్రాసెసింగు ఫీజు జీఎస్టీతో కలిపి 235. అన్నిటికంటే పెద్దది బిల్లు మీద సంతకం పెట్టాక తెలిసింది, ఒకేసారి కడితే 3,500 తగ్గించేవాళ్ళట. అంటే ఖర్చు లేని వాయిదాకి నాకైన ఖర్చు 4,661. ఫీజు బాకీల మీద పిల్లల తల్లిదండ్రులకి లెక్కలు చెప్పే మనిషిని, నాకు నేను చెప్పుకోలేకపోయాను.

పరుపు మెత్తగా ఉంది, కాదనను. కానీ ఆ మెత్తదనం ఒంటి వేడిని పట్టుకుని వదలదు. పైన శ్లాబు, కింద ఫోమ్, మధ్యలో మేము పెనం మీద అట్టుల్లాగా. పెద్దాడు ఏసీని 18కి దించేవాడు, తెల్లారుజామున అందరం రగ్గులు కప్పుకునేవాళ్ళం. మావారేమో మధ్యరాత్రి లేచి బిల్లు భయంతో ఏసీ కట్టేసేవారు. ఆ మే నెల మీటరు 412 యూనిట్లు తిరిగింది. ఎనర్జీ ఛార్జీయే 2,804.

బిల్లు చూసిన రోజు అత్తయ్య మంచం పక్కన కింద పడుకుని ఉన్నారు. "అమ్మాయ్, ఇంత మంచం కొన్నారు, మరి రాత్రిళ్ళు ఎవరెందుకు లేస్తున్నారో ఎప్పుడైనా రాసుకున్నావా? పాలవాడి లెక్క రాస్తావుగా" అన్నారు. వేళాకోళానికే అన్నారనుకుంటా. నాకు రోషం వచ్చింది. పద్దు పుస్తకం వెనక పేజీల్లో పదిహేను రాత్రులు రాశాను. ఎన్నింటికి, ఎవరు, ఎందుకు.

ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. 11:40, అందరూ, ఉక్క. 1:15, మావారు, ఏసీ కట్టేశారు. 1:50, పెద్దాడు, చెమట. 3:05, చిన్నది, పక్క తడిపింది. 4:30, నేను, ఎదురు బిల్డింగు లైటు కళ్ళల్లోకి. 5:10, అందరూ, లిఫ్టు. పాలవాడు ఎక్కే మొదటి లిఫ్టన్నమాట. దాని మోటారు గది మా దక్షిణపు గోడని ఆనుకుని పైన ఉంది, మోటారు ఆగినప్పుడల్లా 'ఠక్'మని గోడలోంచి మంచం తలాపుకి కొడుతుంది. పదిహేను రాత్రుల్లో పరుపు బాలేదని లేచినవాళ్ళు ఒక్కరూ లేరు. 67,000 పెట్టిన చోట ఒక్క పద్దు లేదు.

ఒకరాత్రి పదకొండుకి స్టూలెక్కి శ్లాబుకి అరచెయ్యి ఆనించాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంది. పగలంతా తాగిన ఎండని కాంక్రీటు రాత్రి గదిలోకి దింపుతోంది, దాన్ని మేం కరెంటు పెట్టి బయటికి తోస్తున్నాం.

డాబాకి సున్నం వేద్దామని అసోసియేషన్ మీటింగులో అడిగితే రెండో అంతస్తాయన "మీ చల్లదనానికి మేమెందుకండీ కట్టాలి" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు, మొదటి అంతస్తులో లీకేజీకి నేనూ అదే అన్నాను. మా పైభాగం వరకూ మేమే వేయించుకున్నాం. రాతి సున్నం, కాస్త ఫెవికాల్, రెండు పూతలు, కూలీతో కలిపి 3,400. మూడో రాత్రి మళ్ళీ స్టూలెక్కాను. శ్లాబు చల్లగా ఏం లేదు, గోరువెచ్చగా ఉంది. అయినా ఏసీ 26 మీద, ఫ్యాను తోడుగా పెట్టి పడుకుంటే ఎవరూ లేవలేదు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. మాదీ అలాంటిదే, మేమే రోజూ పనిగట్టుకుని దింపేవాళ్ళం. వానలకి సున్నం కొట్టుకుపోతుంది, ఏటా మార్చిలో మళ్ళీ వేయించాలి. అది ఇప్పుడు మా ఇంట్లో ఉగాది ఖర్చు కింద లెక్క.

తర్వాత ఫ్యాను. పాతది 75 వాట్లు తినేది, 3,100 పెట్టి తెచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకి పదిగంటలు వేసుకుంటే నెలకి 13 యూనిట్ల చిల్లర మిగులుతుంది. ఎండాకాలం బిల్లులో అదేం పెద్ద మొత్తం కాదు. ఫిబ్రవరి, నవంబరు నెలల్లో మాత్రం దాని విలువ వేరు. తెలంగాణ టారిఫ్‌లో 200 యూనిట్ల దగ్గర ఒక గీత ఉంది. 200 వరకూ అయితే మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున, మొత్తం 820. ఒక్క యూనిట్ దాటిందా, మొదటి రెండు వందలకీ 5.10 పడుతుంది, దాటిన యూనిట్‌కి 7.70. అంటే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైచిలుకు. ఈ సంగతి తెలిశాక మావారు బిల్లు వచ్చే ముందు వారం మీటరు గదికి గుడికెళ్ళినట్టు వెళ్తారు.

కర్టెన్లకి మందం గుడ్డ కొని మా వీధి టైలరుతో కుట్టించాను, 2,250. 4:30 పద్దు ఆగిపోయింది.

లిఫ్టు చప్పుడుకి మందు లేదు, మంచం తలాపు మార్చడమే. "ఉత్తరం తల పెట్టకపోతే చాలు, తూర్పుకి తిప్పండి" అని అత్తయ్య అనుమతిచ్చారు. అయితే హైడ్రాలిక్ మంచం జరగదు. దాని పొట్టలో బొమ్మల కొలువు బొమ్మలు, పట్టుచీరలు, పాత టీవీ అట్టపెట్టె (ఎందుకు దాచామో ఎవరికీ తెలీదు), అన్నీ దించి, కార్పెంటర్‌ని పిలిచి, విప్పించి, బిగించాలి. 800. నవారు మంచమైతే అత్తయ్యే ఒక్కచేత్తో తిప్పేసేవారు.

ఇంక పరుపు కథ. ఏడాది తిరిగేసరికి మధ్యలో గుంట పడింది. పదేళ్ళ వారంటీ ఉందిగా అని ధైర్యంగా ఫోన్ చేశాను. ఫొటోలు పంపమన్నారు, పంపాను. చిన్నదాని 3:05 పద్దులు ఫొటోలో పటాల్లా పడ్డాయి. మరక ఉంటే వారంటీ వర్తించదన్నారు. కోపంతో కార్డు తీసి చదివితే నిజంగానే రాసి ఉంది. 350 పెట్టి రబ్బరు షీటు మొదటిరోజే పరిచి ఉంటే సరిపోయేది. ఆ షీటు తర్వాత కొన్నాను.

అప్పుడు అటక మీంచి దిగింది మా పెళ్ళికి అత్తయ్య ఇచ్చిన బూరుగుదూది పరుపు. వీధిలోకి దూది ఏకే మిషనుతో ఆటో వస్తే సెల్లారులో ఆపించాం. అతను కుట్టు విప్పి గుప్పెడు దూది తీసి, నలిపి, వాసన చూసి, "ఇది ఇప్పుడు దొరకదమ్మా, పారెయ్యకండి" అన్నాడు. కొత్త గుడ్డతో కలిపి 2,600కి రెండు చిన్న పరుపులు, నాలుగు దిండ్లు అయ్యాయి. పిల్లలూ అత్తయ్యా వాటి మీద కింద పడుకుంటారు. తడిస్తే డాబా మీద ఎండకేస్తాం, సాయంత్రానికి పొంగి మళ్ళీ కొత్తవవుతాయి. కింద పాత దుప్పటి పరవకపోతే మాత్రం సున్నం అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంది.

సున్నం నుంచి రబ్బరు షీటు దాకా కూడితే 12,500. పోయిన మే బిల్లు 268 యూనిట్లు. గుంట పడ్డ మెమరీ ఫోమ్ మీద నేనూ మావారూ ఇంకా పడుకుంటున్నాం, చెరో పక్కకి ఒదిగి. 68,161 పెట్టిన సరుకుని పారేసేంత ధైర్యం లేదు.

అత్తయ్య తెనాలి వెళ్తూ తన దిండు మర్చిపోయారు. కొరియర్‌లో పంపమని రెండుసార్లు ఫోన్ చేశారు, ఛార్జీ 140 అట. చిన్నది దాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని పడుకుంటోంది, లాగితే లేస్తుంది. ఇంకా పంపలేదు.