దొడ్లో గది

బాగేపల్లిలో మా ఇంటి వెనక దొడ్లో అమ్మకూ నాయనకూ ఒక గది కట్టించినాను. నాయనకు మోకాళ్ళు వంగవు. మెట్లు వద్దు, గడపా వద్దన్నాను. "గడప లేకుంటే పసుపు యాడ పూసేది?" అంది అమ్మ. మేస్త్రి గడపరాయిని నేలకు సమంగా పాతినాడు. వీధి కనబడదని నాయన సణుగుడు వేరే.

అసలు తగువు పొయ్యి దగ్గర వచ్చింది. వేరే పొయ్యి అంటే మా పక్క వేరు పడినట్లే లెక్క. మా తాలూకా కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లాలో కలిసిన 2007లోనే తల్లిదండ్రుల పోషణ చట్టమూ వచ్చింది. అందులో తిండి, బట్ట, నివాసం, వైద్యం ఉన్నాయి. పొయ్యి ఊసు లేదు.

తెల్లవారి నాలుగుకే నాయనకు కాఫీ పడాల. ఆ వేళకు కోడల్ని లేపడం ఇష్టం లేకే పొయ్యి అడిగినానంటుంది అమ్మ. పెట్టించినాను. నా భార్య మాత్రం ఆ మాట ఇంకా నమ్మలేదు.