గోల్‌పోస్టు దగ్గర నా స్నేహితురాలు

నేను రేపల్లెలో ప్యాసింజరు ఎక్కితే, తను భట్టిప్రోలులో ఎక్కేది. ఇద్దరం తెనాలిలో దిగి కాలేజీకి నడిచేవాళ్లం. 1997లో ఆ రైల్లోనే పుట్టింది మా పిచ్చి ఆలోచన... ఆడపిల్లల ఫుట్‌బాల్ టీము!

‘‘మీకు టెన్నికాయిట్ ఉంది, బాల్ బ్యాడ్మింటన్ ఉంది. మళ్లీ ఇదేంటమ్మా?’’ అన్నారు మేష్టారు. అన్నారే గానీ పాత బంతి ఒకటి ఇచ్చారు. మాది చిన్న కాలేజీ. పదకొండు మందిని పోగేసేసరికి తాతలు దిగొచ్చారు. పదకొండో పిల్లయితే ‘పరిగెత్తమని మాత్రం అడక్కూడదు’ అని ఒట్టు వేయించుకుని మరీ వచ్చింది! నిక్కర్ల మాటే లేదు. పంజాబీ డ్రెస్సులు, నడుముకు బిగించిన చున్నీలు.

గోల్‌కీపర్ తనే. వాళ్లన్నయ్య చెట్టెక్కి కోసి విసిరే మామిడికాయల్ని నేల తాకకుండా పట్టిన చేతులవి.

బాపట్లలో ఒక కాలేజీ అమ్మాయిలతో మ్యాచ్ కుదిరింది. ఇంట్లో నిజం చెబితే తనని పంపరు. అబద్ధం నేనే ఆడాను. ‘‘వ్యవసాయ కళాశాల చూపించడానికి తీసుకెళ్తున్నారు పిన్నీ, సాయంత్రానికి వచ్చేస్తాం’’ అన్నాను. పాపం, దారిలో తినమని జంతికలు కట్టిచ్చింది.

మాకు నాలుగు గోల్స్ పడ్డాయి. మేం ఒక్కటీ వేయలేదు. తను ఆపినవి మాత్రం అంతకు రెట్టింపు ఉంటాయి. తిరుగు రైల్లో మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయి కూర్చుంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఆ దెబ్బలే పట్టించాయి. సోమవారం భట్టిప్రోలులో తను ఎక్కలేదు. మంగళవారమూ ఎక్కలేదు. ‘రేపు పెళ్లిచూపులకొచ్చిన వాళ్లకి ఆ మచ్చలేంటని చెప్పాలే?’ అని పిన్ని నన్ను నిలదీసింది. ఏడాది తిరక్కుండా పెళ్లి చేశారు. పరీక్షలు రాసింది గానీ మళ్లీ కాలేజీ మెట్లెక్కలేదు. మా టీమూ అంతటితో సరి.

ఇంగ్లండులో 1921 నుంచి యాభై ఏళ్ల పాటు ఆడవాళ్లను ఫుట్‌బాల్ సంఘం మైదానాల్లోకి రానివ్వలేదనీ, 1991లో చైనాలో జరిగిన తొలి మహిళల ప్రపంచకప్‌లో ఆటను 80 నిమిషాలకే కుదించారనీ చాలాకాలం తర్వాత చదివాను. మన అమ్మాయిలు 1983లోనే ఆసియా పోటీల్లో రన్నరప్‌గా నిలిచారట. అప్పుడే తెలిసుంటే పిన్నికి చెప్పేదాన్ని. వినేదా? ఏమో!

2025 జులైలో మనవాళ్లు థాయిలాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ రాత్రి తనకు ఫోను చేశాను. నిజామాబాద్ నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైందనీ చెప్పాను. అంతా విని, ‘‘మన గోల్‌కీపర్ ఎవరే?’’ అని అడిగింది. ‘‘మణిపూర్ అమ్మాయి, పంథోయి చాను’’ అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా అబద్ధం గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

‘‘ఆ నాలుగోది ఆపేదాన్నే... ఎండ కళ్లల్లో పడింది’’ అంది.