పావు ముట్టకముందే అడగాలి

ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా. సిద్దిపేటలో చెస్ నేర్చుకునే ఏ పిల్లాణ్ని అడిగినా చెప్తాడు. నాకూ అంతవరకే తెలుసు. అంత మాత్రం తెలిసి జాతీయ పోటీలకు పోయిన.

ఏనుగుల ఎండింగ్. నాకు ఒక బంటు తక్కువ, అవతలివాడి రేటింగ్ చాలా ఎక్కువ. నేను ఏనుగుతో చెక్ మీద చెక్ ఇస్తుంటే అతని రాజు అవే గళ్లలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. స్కోర్ షీట్ చూసుకున్నా. ఇంకొక్క చెక్‌తో మూడోసారి! ఏనుగు జరిపి, క్లాక్ నొక్కి, ఆ తర్వాత చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిచిన.

"ఇప్పుడు వంతు మీది కాదు" అన్నాడాయన.

ఫిడే నిబంధన 9.2 చెప్పేది అదే. డ్రా అడిగే హక్కు, ఎత్తు వేయాల్సిన వాడిది. మన ఎత్తుతో మూడోసారి రాబోతుంటే ఆ ఎత్తును షీట్ మీద రాసి, బోర్డు మీద వేయకుండా, క్లాక్ ఆపి ఆర్బిటర్‌కు చెప్పాలి. పావు ముట్టుకుంటే ఆ వంతుకు హక్కు పోయినట్టే. మూడుసార్లూ వరసగా రావాలని కూడా లేదు. 1971లో బ్యూనస్ ఎయిర్స్‌లో పెట్రోసియన్‌తో మూడో గేమ్‌లో ఇబ్బందిలో పడ్డ ఫిషర్ ఈ నిబంధనతోనే అరపాయింటు దక్కించుకున్నాడు.

నా కేకతో అవతలివాడు మేలుకున్నాడు. రాజును వేరే గడికి తీసుకుపోయాడు, బంటు నడిచింది, ఓడిపోయిన.

ఓటమి కన్నా సిగ్గుపడాల్సింది తర్వాత చేసిన పని. ఊరికొచ్చి ఆర్బిటర్ అన్యాయం చేసిండని అందరికీ చెప్పిన. పాపం, నమ్మిన్రు. ఆయన తప్పు పట్టుకుందామనే నిబంధనల పుస్తకం తెరిచిన, నాదే దొరికింది.

మన వరంగల్ అర్జున్ ఇరిగేశి 2022లో కాన్పూర్‌లో జాతీయ చాంపియన్ అయ్యాడు. అతన్ని చూసి ఆటకొచ్చే పిల్లలకు ఓపెనింగులు కంఠతా వచ్చు. డ్రా అడిగి చూపించమంటే మాత్రం చెయ్యి ముందు పావు మీదికే పోతుంది. ఒకే స్థితి ఐదుసార్లు వస్తే ఆట డ్రాగా ముగిసినట్టే. మూడోసారికి మాత్రం నోరు తెరిచి అడగాల్సింది ఆటగాడే. టోర్నమెంటుకు పంపే ముందు ఒక్కసారి మీ పిల్లలతో ఇది బోర్డు మీద చేయించండి.