ఒక్క దీవి పక్షి

ఉత్తర అండమాన్‌కు తూర్పున, వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రం మధ్య ఓ అగ్నిపర్వతం నిద్రపోతోంది. పేరు నార్కోండం. ఎత్తు 710 మీటర్లు. విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువే. మనవైపు ఓ మోస్తరు ఊరి పొలిమేర అంత. నార్కోండం హార్న్‌బిల్ అనే పక్షికి లోకమంతా అదే. భూమ్మీద మరెక్కడా అది కనిపించదు.

చూడముచ్చటైన పక్షి. నల్లటి ఒళ్లు, తెల్లటి తోక, పెద్ద ముక్కు, గొంతు కింద లేత నీలి సంచి. మగపక్షికి తల, మెడ ఇటుక రంగు. ఆడపక్షి తల కూడా నలుపే. 1873లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. కాంగ్రెస్ పుట్టుక గురించిన పాఠంలో అందరూ చదువుకున్న హ్యూమే ఆయన.

దీని సంసారం నమ్మకం మీద నడుస్తుంది. ఆడపక్షి చెట్టు తొర్రలోకి దూరి, సన్నటి సందు మాత్రం వదిలి ద్వారం మూసుకుంటుంది. వారాల తరబడి మగపక్షే పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. అవి ఎక్కువగా మర్రి, మేడి జాతి అడవి పండ్లు. తిన్నవాటి గింజలను దీవంతా వెదజల్లేదీ ఈ పక్షే. అడవి పక్షిని పోషిస్తే, పక్షి అడవిని నాటుతుంది.

ఈ లెక్క తప్పడానికి పెద్ద విపత్తేమీ అక్కర్లేదు. 1969లో దీవిపై పోలీసు ఔట్‌పోస్టు వెలిసింది. 1976లో సిబ్బంది ఆహారం కోసం కొన్ని మేకలను తెచ్చారు. మరుసటి ఏడాదే దీవిని అభయారణ్యంగా ప్రకటించారు. మేకలకు ఆ సంగతేం తెలుసు? అవి వందల్లోకి పెరిగాయి. పక్షి జోలికి పోలేదు, మొలకలు మేశాయి. ఉన్న చెట్లు అలాగే ఉన్నా, రేపటి తొర్రలకు ఎసరొచ్చింది. చివరికి మేకలను తొలగించాల్సి వచ్చింది.

తర్వాత వంతు రాడార్‌ది. తీర రక్షక దళం అక్కడ రాడార్‌ను, దానికి విద్యుత్తునిచ్చే జనరేటర్లను పెట్టాలని ప్రతిపాదించింది. పర్యావరణ మంత్రిత్వశాఖ 2012లో కాదంది. 2014లో సరేనంది. సరిహద్దు సముద్రంపై కన్నేసి ఉంచడం అవసరమే. సిబ్బందికి తిండి కూడా అవసరమే కదా! ఏ అవసరమూ దురుద్దేశంతో రాలేదు. ప్రధాన భూభాగంలో చిన్న పని అనిపించేది, ఏడు కిలోమీటర్ల దీవిలో చిన్నది కాదు. అదే చిక్కు.

2019-20లో చేసిన అధ్యయనం ప్రకారం ఈ పక్షులు సుమారు వెయ్యి. చదరపు కిలోమీటరుకు 150కి పైనే. ఆ అడవి ఎంత చల్లగా ఉందో చెప్పే అంకె ఇది. కానీ వెయ్యి అంటే మనవైపు ఓ పెళ్లి భోజనాలకు వచ్చే జనం. ఆ పంక్తి మొత్తం ఒక్క దీవిలోనే కూర్చుని ఉంది. అక్కడ ఏదైనా తేడా వస్తే, లేచి వెళ్లడానికి వాటికి మరో విస్తరి లేదు.