పోపు వాసన

న్యూజెర్సీలో మనవాళ్ళు ఇల్లు అమ్మకానికి పెడితే మొదటి ఖర్చు రంగులకి కాదు, వాసన వదిలించడానికి. ఈ సంగతి ఎవరూ పైకి చెప్పరు. మా ఏజెంటు చెప్పింది. తెలుగమ్మాయే, ఎడిసన్ చుట్టుపక్కల చాలా ఇళ్ళు అమ్మిపెట్టిన మనిషి. గదులన్నీ తిరిగి, వంటింట్లో కాసేపు నిలబడి, "అక్కా, మీరేమీ అనుకోనంటే ఒక మాట. పోపు వాసన బాగా పట్టేసింది. చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు" అంది. వాసనంతా నా ఒక్కదాని నిర్వాకమే అయినట్టు మా ఆయన నా వైపు చూశాడు. ఆయన వేయించుకునే ఊరమిరపకాయల ప్రస్తావన పరాయి మనిషి ముందు ఎందుకని ఊరుకున్నాను.

నిజానికి తప్పులో సగం ఇంటిదే. పొయ్యి పైన మైక్రోవేవ్, దాని అడుగున ఫ్యాను. ఆ ఫ్యాను పొగను బయటికి పంపదు. బొగ్గు ఫిల్టరు గుండా లాగి మళ్ళీ మన మొహానికే వదులుతుంది. అమెరికాలో ఇలాంటి వంటిళ్ళు కొల్లలు. పాస్తా ఉడకబెట్టుకునేవాళ్ళకి ఆ ఏర్పాటు చాలు. రోజూ పోపు పెట్టే ఇంట్లో నూనె ఆవిరి పైకి లేచి కర్టెన్లలో, కార్పెట్లో, అల్మారాల నెత్తిన దిగబడుతుంది. వేడిగాలికీ చల్లగాలికీ ఇల్లంతా ఒకటే గొట్టాలు కాబట్టి, వంటింట్లో ఇంగువ వేస్తే పడగ్గదిలో తెలుస్తుంది. అందుకే మనవాళ్ళు చాలామంది గరాజ్‌లో రెండో స్టవ్వు పెట్టుకుని వేపుళ్ళూ చేపల పులుసూ అక్కడికి మారుస్తారు. మా గరాజ్‌లో స్టవ్వు మాట అటుంచి కారుకే చోటు లేదు.

కుర్చీ ఎక్కి అల్మారాల పైన వేలు పెట్టి చూశాను. దుమ్మూ నూనే కలిసి ముదురుపాకంలా సాగింది. గిన్నెలు తోమే సబ్బు వేడినీళ్ళలో కలిపి రుద్దితే మెత్తబడింది గానీ వదల్లేదు. గడువు తీరిన క్రెడిట్ కార్డుతో గీకితే వచ్చింది. గీకినకొద్దీ అడుగున చెక్క అసలు రంగు బయటపడుతోంది. ఇంత లేత రంగా మన అల్మారాలు అని ఇద్దరం ఆశ్చర్యపోయాం. కర్టెన్లు పారేశాం. కార్పెట్టుతోపాటు దాని కింది మెత్త కూడా పీకించాం.

గోడలకి నేరుగా రంగు వేస్తే లాభం లేదన్నాడు పెయింటరు. వాసన కొన్నాళ్ళకి రంగులోంచి కూడా వస్తుందట. ముందు షెలాక్ ప్రైమర్ వేశాడు. లక్కపురుగులు చెట్టుకొమ్మల మీద పెట్టే లక్క నుంచి తీసే సరుకది. ప్రపంచంలో దాన్ని ఎక్కువగా పండించేది ఇండియానే. ఏటికొప్పాక బొమ్మలకి మెరుపు తెచ్చే లక్క ఇక్కడ మా ఇంగువ మీద మూత వేసింది. ఆపైన షెర్విన్ విలియమ్స్ వారి అగ్రీయబుల్ గ్రే. ఇళ్ళు అమ్మేవాళ్ళకి ఇష్టమైన రంగు. బూడిద అందామంటే కాదు, గోధుమ అందామంటే కాదు. ఎవరూ వద్దనని రంగు, ఎవరూ కోరి వేసుకోని రంగు. హాల్లో మామిడిపండు రంగు గోడ పోయినందుకు నాకింకా కష్టంగానే ఉంది.

పూజగది అసలు కోట్లు తగిలించుకునే క్లాసెట్టు. దాన్ని మళ్ళీ క్లాసెట్టు చేయమంది ఏజెంటు. దేవుళ్ళకి ఉద్వాసన చెప్పి, పటాలు పాత చీరల్లో చుట్టి మా మరిది ఇంటికి పంపాం. ఇక వీధి గుమ్మం గడప మిగిలింది. తెల్లరంగు చెక్కకి ఏళ్ళ తరబడి రాసిన పసుపు ఇంకిపోయి ఉంది. దానికి పెద్దగా కష్టపడలేదు. ఎండకి పసుపు వెలిసిపోతుందన్నది బట్టలు ఆరేసే ఆడవాళ్ళందరికీ తెలిసిందే. తూర్పు గుమ్మం, పొద్దుటెండ నేరుగా పడుతుంది. రాయడం మానేసిన కొన్ని వారాలకి లేత మరక మాత్రం ఉంది. ఆ తూర్పు గుమ్మాన్నే ప్రకటనలో 'ఈస్ట్ ఫేసింగ్' అని పైన వేయించింది మా ఏజెంటు. దేవుళ్ళను తీయించి వాస్తును ఉంచిందన్నమాట.

కాగితాల పని వేరే. ఇక్కడ ఇల్లు చేతులు మారాలంటే పొగ అలారాలు పనిచేస్తున్నాయనీ, వంటింటికి 10 అడుగుల లోపు మంటలార్పే సిలిండరు ఉందనీ టౌను నుంచి సర్టిఫికెట్ తేవాలి. మిరపకాయ పోపుకి కూస్తుందని ఆ అలారానికి షవర్ క్యాప్ తొడిగే ఇళ్ళు నాకు చాలా తెలుసు. ఇక పన్ను సంగతి. పైకప్పు మార్పించిన రసీదు ఉంటే లాభం లెక్కలో పనికొస్తుంది, ఈ రంగుల రసీదు పనికిరాదు. అమ్మేముందు ఐదేళ్ళలో రెండేళ్ళయినా అందులో కాపురం ఉన్న భార్యాభర్తలకి 5,00,000 డాలర్ల లాభం దాకా ఫెడరల్ పన్ను లేదు గనుక మాలాంటివాళ్ళకి ఆ గొడవ పెద్దగా ఉండదు.

చూడ్డానికొచ్చే మనవాళ్ళు ఏజెంటుని మొదట అడిగేది, "ఈ వీధిలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారండీ?" అని. ఆమె చెప్పదు. నల్లవాళ్ళను కొన్ని పేటలకే మళ్ళించిన పాత అలవాటు మీద 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. జాతి, మతం, పుట్టిన దేశం మాట ఇళ్ళ బేరంలోకి రాకూడదు. "సాయంత్రం వీధిలో ఒకసారి నడిచి చూసుకోండి" అంటుంది. నడిస్తే చాలు, వాకిట్లో చెప్పులే చెబుతాయి. చట్టం మంచిదే. కానీ మేం ఇంత తంటాలు పడి మా ఆనవాళ్ళు చెరిపేస్తుంటే, వచ్చినవాళ్ళు ఆ ఆనవాళ్ళ కోసమే వీధులు తిరుగుతున్నారు.

చివరికి కొన్నది తెలుగువాళ్ళే. ఇన్‌స్పెక్షన్ నాడు ఇల్లు కొనే అమ్మాయి తల్లి కూడా వచ్చారట. అమ్మేవాళ్ళు అప్పుడు ఇంట్లో ఉండకపోవడం ఆనవాయితీ కాబట్టి ఇదంతా ఏజెంటు చెప్పగా విన్నదే. గ్రానైట్ వంక ఆవిడ చూడనే లేదు. మైక్రోవేవ్ కింది ఫ్యాను వేసి, పైన చెయ్యి అడ్డం పెట్టి, "గాలి ఇక్కడికే కొడుతోందేమిటే? బయటికి పోదా?" అని కూతుర్ని అడిగారట. తర్వాత వాళ్ళు పంపిన జాబితాలో రెండే ఉన్నాయి. బేస్‌మెంట్లో రేడాన్ వాయువు లీటరుకి 4 పికోక్యూరీల గీత దాటింది, గొట్టమూ ఫ్యానూ పెట్టించమన్నారు. రెండోది, పొయ్యి మీద పొగ బయటికి పోయేలా గోడ తొలిపించుకోవడానికి కొంత సొమ్ము ధరలో తగ్గించమన్నారు. మొదటిదానికి మా ఆయన కాసేపు బేరమాడాడు. రెండోదానికి నేను ఆడనివ్వలేదు.

ఇప్పుడు మాకోసం చిన్న ఇళ్ళు చూస్తున్నాం. లోపలికి వెళ్ళకముందే చుట్టూ తిరిగి, వంటింటి బయటి గోడకి పొగ గొట్టం మూత ఉందో లేదో చూస్తున్నాను. లేని ఇళ్ళకి మా ఆయన్ని బూట్లు విప్పనివ్వడం లేదు.