అమ్మమ్మ రాయిలో బంగారం, వెండీ

మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీర కింద ఒక రాయి ఉంటుంది. చిన్న బత్తాయి అంత. పావుకిలో తూగుతుంది. తాత కోలారు గనుల్లో పనిచేసే రోజుల్లో తెచ్చాడట. తెల్లటి రాయి, అడ్డంగా నల్లటి చారలు, ఒక మూల పసుపుపచ్చగా మెరిసే చుక్కలు, ఇంకో పక్క వెండిలా తళుక్కుమనే పలుకులు.

"బంగారమూ ఉంది, వెండీ ఉంది. మీ తాత ఉత్త రాయి తెచ్చి పెడతాడా ఏంది?" అనేది అమ్మమ్మ.

ఈ ఏడు చెల్లికి ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సి వచ్చింది. టీవీలో బంగారం రేటు విన్న అమ్మమ్మ పెట్టె తెరిచి, పసుపు గుడ్డలో చుట్టిన ఆ రాయిని నా చేతిలో పెట్టింది. "దీన్ని అమ్మి పిల్ల ఫీజు కట్టండి" అంది. ఎవరం నవ్వలేదు. అందులో ఏముందో నిజంగా మాకెవరికీ తెలీదు మరి.

బెంగళూరులో నా పక్క సీట్లో పనిచేసే అమ్మాయిది కేజీఎఫ్. రోజూ చీకటితోనే రైలెక్కి ఆఫీసుకొచ్చి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. ఆ ఊరి నుంచి ఇలా తిరిగేవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్ల నాన్న గనుల్లో శాంపిళ్లు తీసే పని చేసి రిటైరయ్యారు. "ఆదివారం వచ్చెయ్, నాన్న చూస్తాడు" అంది.

మా కుప్పం నుంచి కేజీఎఫ్ ఏమంత దూరం కాదు. బంగారుపేటలో దిగి మారికుప్పం రైలెక్కాలి. దారిలో స్టేషన్లు కోరమాండల్, ఊర్గాం, ఛాంపియన్... కొన్ని పేర్లు పాత గని కంపెనీలవే. కిటికీలోంచి చూస్తే తుప్పు పట్టిన ఇనుప చట్రాలు, వాటి వెనక బల్లపరుపుగా, బూడిద రంగులో కొండలు. సినిమా చూసినవాళ్లు ఆ గుట్టల్ని గుర్తుపడతారు. అవి కొండలు కావు. బంగారం తీసేశాక మిగిలిన పిండి.

స్నేహితురాలి నాన్నను అంకుల్ అని పిలిస్తే నవ్వారు. "కుప్పం పిల్లవు, మామా అనొచ్చు గదా" అన్నారు. మామా అనే పిలిచాను.

మామ రాయిని అరచేతిలో ఎగరేసి బరువు చూశారు. నీళ్లతో కడిగారు. బాత్రూం కట్టినప్పుడు మిగిలిన టైల్ ఒకటి తెచ్చి తిరగేశారు. గరుకుగా ఉండే ఆ వెనక వైపు మీద పసుపు చుక్కల్ని గట్టిగా రుద్దారు. అసలు బంగారమైతే గీత కూడా బంగారు రంగులోనే పడాలి. పడింది మాత్రం ఆకుపచ్చ కలిసిన నల్ల గీత.

"పైరైట్. ఇనుము, గంధకం. దీన్ని చూసి మోసపోయినోళ్లు ఎంతమందో! బంగారం మెత్తన పాపా, సూది గుచ్చితే సొట్ట పడుతుంది. ఇది పొడిగా రాలుతుంది."

"మరి వెండి?"

"ఆర్సెనోపైరైట్. మనోళ్లు పాషాణం అంటారే, ఆ ఆర్సెనిక్ ఉంటుంది ఇందులో. సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన వస్తుంది. నువ్వు కొట్టొద్దు. చేతులు మాత్రం కడుక్కో."

అమ్మమ్మ ముఖం గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మామ అది గమనించినట్టున్నారు. రాయిని వెలుగులోకి తిప్పి నల్ల చారల మీద వేలు పెట్టారు. "అయిపోలేదు. ఉంటే గింటే ఇక్కడుంటుంది. కంటికి ఆనదు. ఆ వెండిలాంటిది ఉందంటే పక్కన బంగారం ఉండే అవకాశం ఉందని మాకు గుర్తు."

మెరిసేది ఉత్తది, మసగ్గా ఉన్నది సరుకు. ఎందుకలాగో ఆయన చాయ్ తాగుతూ చెప్పారు. కోలారు గనులున్న రాతి పట్టీ ఉత్తరం నుంచి దక్షిణానికి 80 కిలోమీటర్ల పొడవుంటుంది. అడ్డం మాత్రం నాలుగైదు కిలోమీటర్లే. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట నీళ్ల అడుగున పొంగిన లావా అది. దగ్గర్లోని పెద్దపల్లిలో ఆ కాలపు అగ్నిపర్వత రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి, జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ఆ లావా తర్వాత మడతలు పడింది, నలిగింది, పగిలింది. లోతుల నుంచి కాగే నీళ్లు ఆ పగుళ్లలోకి ఎగబాకాయి. ఆ నీళ్లలో గంధకం పట్టుకున్న బంగారం కరిగి ఉంది. ఒత్తిడి తగ్గినచోట నీళ్లు మోసుకొచ్చిందంతా వదిలేశాయి. ముందు తెల్లటి క్వార్ట్జ్, దాంతో పాటు పైరైట్, ఆర్సెనోపైరైట్, మధ్యలో ఎక్కడో నలుసంత బంగారం. అలా నిండిన పగులునే గని భాషలో రీఫ్ అంటారు. ఛాంపియన్ రీఫ్ అంటే అదే.

వెండి సంగతి అడిగాను, అమ్మమ్మకు చెప్పాలి కదా. ఇక్కడి బంగారంలోనే కొంచెం వెండి కలిసి ఉంటుందట. సయనైడ్ నీళ్లు రెండింటినీ కరిగిస్తాయి. కరగబోసి శుద్ధి చేసేటప్పుడు విడదీయాలి. విడిగా మెరుస్తూ దొరికేది కాదన్నమాట.

తర్వాత ఫోన్ తీసి లెక్క వేశాం. గనులు కొత్తల్లో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా బంగారం పడిందంటారు. మా రాయి అంత గొప్పదే అనుకున్నా, అందులో ఉండేది 10 మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజ బరువులో సగం. చివరి రోజుల్లో టన్నుకు 3 గ్రాముల దగ్గరికొచ్చింది. ఆ లెక్కన నువ్వు గింజంత కూడా రాదు. తియ్యడానికి ముందు రాయిని పిండి కొట్టాలి, అది వేరే ఖర్చు. ఫీజు సంగతి అక్కడితో తేలిపోయింది.

అయితే ఇంకో లెక్క నన్ను ఆపేసింది. సుమారు 120 ఏళ్లలో ఈ గనులన్నీ కలిసి తీసింది దాదాపు 800 టన్నులు. బంగారం చాలా బరువు కాబట్టి అదంతా పన్నెండడుగుల చదరం, పదడుగుల ఎత్తున్న ఒక్క గదిలో పట్టేస్తుంది. మేం కూర్చున్న హాలంత! ఆ ఒక్క గది కోసం మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. కిందికి చల్లగాలి పంపకపోతే మనిషి నిలబడలేడు. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల లైను లాగి కరెంటు తెచ్చింది ఈ గనుల కోసమే.

వేడి కన్నా భయం రాక్‌బరస్ట్ అట. అంత లోతులో పైనున్న బరువంతా రాయి మీదే ఉంటుంది. తవ్వి ఖాళీ చేసినచోట ఆ ఒత్తిడికి గోడ ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు పగులుతుంది. "పైన ఇంట్లో గిన్నెలు కదిలితే ఆడోళ్లు గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్లు" అన్నారు మామ. అమ్మమ్మ నాకెప్పుడూ చెప్పని విషయం ఇది. తాత ఛాంపియన్ రీఫ్‌లో పగిలిన రాయి ఎత్తిపోసే పనిలో ఉండేవాడు.

ఆ లోతు ఇంకో పనికీ వచ్చింది. 1965లో మన టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ వాళ్లతో కలిసి రెండు కిలోమీటర్లకు పైగా కింద పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో అలా పట్టిన మొదటివాళ్లలో వీళ్లున్నారు. సినిమాలో ఇది లేదెందుకో!

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మా కుప్పం వైపు అదే రాతి పట్టీ తోక మీదున్న చిగర్‌గుంట గనిదీ అదే కథ. ఇప్పుడు కింద నీళ్లు నిండాయి. లోపలికి ఎవర్నీ పోనివ్వరు.

సాయంత్రం గుట్ట దగ్గరికి నడిచాం. ఇలాంటివి 13. మొత్తం 3.3 కోట్ల టన్నుల పిండి ఉంటుందని అంచనా. పైన పెద్దగా మొక్క మొలవదు. వాన నీళ్లు కోసిన పాయల్లో తుప్పు రంగు కనిపించింది. పైరైట్ గాలికీ నీళ్లకీ ఇలాగే తుప్పవుతుంది. గాలి లేచేసరికి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. పిండి కొట్టిన క్వార్ట్జ్ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఈ ఇళ్లల్లో ఎండాకాలం సాయంత్రాలు కిటికీలు మూసే ఉంటాయి.

ఆ పిండిలో టన్నుకు గ్రాము లోపే అయినా బంగారం మిగిలుందట. మళ్లీ తీయడానికి 2024లో కర్ణాటక ప్రభుత్వం ఒప్పుకుంది. మంచిదేనా అని అడిగితే మామ వెంటనే జవాబివ్వలేదు. "కదిలిస్తే దుమ్ము లేస్తుంది. కదిలించకపోయినా లేస్తానే ఉంది. మా పాప పొద్దున్నే రైలెక్కే పని తప్పుతుందంటే కదిలించనీ" అన్నారు. స్నేహితురాలు మాత్రం "ఆ ఉద్యోగాలు మాకిస్తారని ఎవరు చెప్పారు నాన్నా?" అంది. నాకు ఆమె మాటే నిజమనిపించింది.

బయల్దేరేటప్పుడు, మొహమాటపడుతూనే, తాత ఆ రాయిని దొంగతనంగా తెచ్చాడా అని అడిగేశాను. మామ గట్టిగా నవ్వారు. "పైకొచ్చే ప్రతి మనిషినీ తనిఖీ చేసేవాళ్లు పాపా. ఇంత మెరిసే రాయి చూసి కూడా వదిలేశారంటే, అదేందో వాళ్లకీ తెలుసు, మీ తాతకీ తెలుసు."

ఇంటికొచ్చి అమ్మమ్మకు అన్నీ చెప్పాను. పసుపుది ఇనుము, తెల్లది పాషాణం, అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

"మరి ఆ నల్ల చారల్లో?"

"ఉండొచ్చు. ఉన్నా అర బియ్యపు గింజంత."

"ఉంది గదా" అంది. కొత్త గుడ్డ చింపి రాయిని చుట్టింది. "గిన్నెలు కదిలేది నిజమేనే" అంటూ పెట్టె మూసింది. ఆ రాత్రే నేను ఫీజుకి లోన్ అప్లికేషన్ నింపాను. చేతులు కడుక్కో అని అమ్మమ్మకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.