తొట్టెలలో మూడు రాత్రులు

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఆ మాట అన్న మహానుభావుడికి నడుంనొప్పి లేదని మాత్రం రూఢిగా చెప్పగలను. నలభై దాటి, రోజూ గంటల తరబడి నిలబడి పాఠం చెప్పే ఉపన్యాసకుణ్ణి అడగండి. నిద్ర ఎంత సుఖమెరిగినదో చెబుతాడు.

2022లో నడుములో ఏదో నరం ఒత్తుకుని నెలన్నర మంచం పట్టాను. వైద్యుడు తన మందులు తాను ఇచ్చాడు. మా అమ్మ తన మొక్కు తాను మొక్కింది. కొడుకు లేచి తిరిగితే చిట్యాల నుంచి మేడారం దాకా నడిపిస్తుందట. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇప్పిస్తుందట. కంగారు పడకండి, అక్కడ బంగారమంటే బెల్లం. నా బరువు 72 కిలోలు. మొక్కినది ఆవిడ, తూగవలసినదీ నడవవలసినదీ నేను!

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వస్తుంది. 2024లో అది ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. 18వ తేదీ ఆదివారం తెల్లవారుజామున బయలుదేరితే బుధవారం సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకు వచ్చే వేళకు చేరవచ్చునని లెక్క వేసుకున్నాం. అంటే దారిలో మూడు రాత్రులు. నడకకు వైద్యుడు ఒప్పుకున్నాడు గాని, కటిక నేల మీద పడుకోవద్దన్నాడు. పడుకోకుండా నడవడమెలాగ? నా మేనల్లుడు హైదరాబాదులో ఇంజనీరు. సెలవు దొరికితే కొండలెక్కే రకం. వాడు అరచేతిలో పట్టే సంచీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "హామక్ మామా! రెండు చెట్లుంటే చాలు, నీకు పట్టుపరుపే" అన్నాడు.

మాతో నడిచిన పెద్దయ్య ఒకాయన దాన్ని విప్పి చూసి, "గడ్డాలు మీసాలు వచ్చినోనికి తొట్టెలేంది సారూ!" అని పడీపడీ నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని, నా పేరులేని వస్తువుకు పేరు పెట్టాడు. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు అప్పటిదాకా అంతకు మించిన మాట తోచలేదు. ఊయల, ఉయ్యాల, తొట్టెల, డోలిక. మనకు మాటలకు కొదవా? ఎటూ తేలని మనస్సును డోలాయమానమన్నాం. బండ్ల కింద, చెట్ల కొమ్మలకు పాత చీర కట్టి బిడ్డను పడుకోబెట్టే తల్లులు మేడారం దారిలో ఎప్పుడూ ఉన్నారు. బాట లేని గూడేల నుంచి రోగిని కర్రకు కట్టి మోసుకువచ్చే డోలీ కూడా ఈ కుటుంబంలోదే. పసివాడికీ, రోగికీ ఇచ్చాం గాని, నడిచి అలసిన పెద్దవాడికి ఊయల ఇవ్వాలని మనకెందుకో తోచలేదు.

ఆ తోచడం అమెరికా ఆదివాసులకు తోచింది. 1492లో కొలంబసు కరీబియన్ దీవుల్లో దిగినప్పుడు అక్కడివారు వలల్లో పడుకోవడం చూశాడు. 'హమాకా' అన్నది వారి మాటే. తడి నేల, పురుగూ పుట్రా ఉన్నచోట నేలకు దూరంగా పడుకోవడం ప్రాణరక్షణ. తరువాత యూరపు నావికులు దానిని ఓడలకెక్కించారు. ఓడ ఎటు ఒరిగినా పడుకున్నవాడు దొర్లి పడడు గదా!

మొదటి రాత్రి గణపురం దాపున ఒక మామిడితోటలో దిగాం. నేను తాడును వీణతీగలా బిగించబోతే మేనల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. తాడు నేలకు సమాంతరంగా చూస్తే ముప్పై డిగ్రీలు వాలి ఉండాలట. అప్పుడు ఒక్కో తాడు మీద పడే లాగుడు సుమారు మనిషి బరువంత, అంటే నా 72 కిలోలు. అదే పది డిగ్రీలకు బిగిస్తే ఆ లాగుడు దాదాపు మూడింతలవుతుందట! బిగువు పెరిగినకొద్దీ భారం పెరుగుతుందన్నమాట. సంసారులకు ఇది కొత్త సంగతి కాదనుకోండి. గోవిందరావుపేట దగ్గర లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన కూడా ఈ లెక్కకు లోబడే వేలాడుతున్నదని వాడు చెప్పాడు.

రెండో పాఠం పడుకోవడం. నిలువుగా పడుకుంటే మనిషి అరటిపండులా వంగిపోతాడు. ఐమూలగా, కాళ్లు ఒకవైపుకు, తల రెండోవైపుకు జరుపుకుని పడుకుంటే గుడ్డ సాగి, వీపు దాదాపు చదునుగా ఉంటుంది. ఆ కిటుకు తెలిసిన క్షణాన నా నడుం నాతో రెండేళ్ల తరువాత స్నేహంగా మాట్లాడింది. మూడో పాఠం తెల్లవారుజామున చలి చెప్పింది. ఒంటి కిందపడి నలిగిన బొంతకు వెచ్చదనం ఉండదు. గాలి అడుగునుంచి వచ్చి వీపును కోస్తుంది. మరునాడు పెద్దయ్యే ఉపాయం చెప్పి, బొంతను ఊయలకు బయట, అడుగున, నలగకుండా వేలాడగట్టాడు. ఇక ఎగతాళి ఆగిపోయింది.

దారిలో పాలంపేట రామప్ప గుడి చూసుకున్నాం. 1213 నాటి శాసనం రేచర్ల రుద్రుడు కట్టించాడని చెబుతుంది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడి నుంచి పస్రా మీదుగా తాడ్వాయి అడవిలో పడ్డాం.

మూడో రాత్రి మేడారానికి చేరువలో, వేలాది జనం మధ్య, రెండు మద్దిచెట్లకు తాడు కట్టాం. పక్క చెట్టు కొమ్మకు ఒక ఇల్లాలు చీర ఊయల కట్టింది. ఎన్నో ఏళ్లకు, అమ్మవార్ల మొక్కుతో పుట్టిన బిడ్డట. ఆ పసివాడు ఏడ్చినప్పుడల్లా ఆమె కూర్చున్నచోటి నుంచే తాడు లాగేది. ఊయల కదిలేది, ఏడుపు ఆగేది. నిద్రలో ఒకసారి నాది కూడా కదిలింది. పొరపాటున లాగిందో, గాలే ఊపిందో అడగలేదు. కాని అంత నిద్ర నేను చాలా ఏళ్లుగా ఎరగను. ముందే బస్సులో చేరిన మా అమ్మ మరునాడు నన్ను తూకంలో కూర్చోబెట్టి, ముల్లు తిన్నగా నిలబడేదాకా చూసి కళ్లు తుడుచుకుంది.

అదే ఏడు ఆగస్టు 31న ఆ తాడ్వాయి, మేడారం అడవిలోనే సుడిగాలి విరుచుకుపడింది. వందల ఎకరాల్లో దాదాపు యాభై వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. జాతర నాడైతే! తలుచుకుంటేనే గుండె జారుతుంది. పత్రికలో ఆ బొమ్మలు చూస్తూ నేను మద్దిచెట్ల కోసం వెతికాను. పడిపోయిన చెట్లలో ఏది ఏదో తెలియడమెలాగ? మూడు రాత్రుల్లో ఆరు చెట్లు నన్ను మోశాయి. చివరి రెండూ ఇప్పటికీ నిలిచి ఉన్నాయని నమ్మడమే నాకిష్టం.

ఆ దారిన నడిచి, ఇలా పడుకోదలచినవారికి ఒక మాట. తాడు బదులు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వాడండి, బెరడు కోసుకుపోదు. కట్టేముందు తల పైకెత్తి ఎండుకొమ్మ ఉన్నదేమో చూడండి. మొదలు చుట్టూ నేల నెర్రెవిచ్చిందేమో చూడండి. గాలివాన సూచన ఉంటే అడవి వదిలి ఏదైనా కప్పు కిందికి పోండి. ఇక పొద్దున్నే విప్పేటప్పుడు బెరడు మీద ఒకసారి చెయ్యి వేసి నిమరండి. పెద్దయ్య అలాగే చేశాడు. ఎందుకని నేను అడగలేదు.